బడి గది మంజూరు చేయాల్సింది ఎవరు: ఢిల్లీయా, రాష్ట్రమా?

#1 నూజివీడు రసాలు

అందరికీ నమస్కారం. మా ఊరి హైస్కూల్ యాజమాన్య కమిటీలో నేనూ ఒక సభ్యుణ్ణి. మూడొందల పైచిలుకు పిల్లలున్నారు. రెండు గదులు తక్కువ, తొమ్మిదో తరగతి రెండో సెక్షన్ వరండాలోనే నడుస్తోంది. రెండేళ్లుగా తీర్మానాలు రాసి పంపుతున్నాం. అడిగితే మండలం ఆఫీసులో "పీఏబీలో రాలేదండీ" అంటారు. ఆ పీఏబీ ఏమిటో అక్కడెవరూ విడమరిచి చెప్పరు.

ఇంకో సంగతి. బడి ఖర్చులకు ఏడాదికి 75 వేలు రావాలట. కొంత డిసెంబర్‌లో, మిగతాది మార్చి రెండో వారంలో వచ్చింది. నెలాఖరు దాటితే లిమిట్ (ఖర్చు పెట్టుకోమని ఇచ్చిన హద్దు) వెనక్కి పోతుందని హెడ్మాస్టర్ గారు టెన్షన్ పడిపోయి ఫినాయిల్, చాక్‌పీసులు, రిజిస్టర్లు కొనేశారు. ఏడాదంతా కరెంటు బిల్లుకు తన జేబులోంచి కట్టిన మనిషి ఆయన.

నా ప్రశ్న ఒక్కటే. మా ఊళ్లో గది కట్టాలా వద్దా అన్నది ఢిల్లీలో తేలుతుందా? అయితే రాష్ట్ర విద్యాశాఖ చేసేదేమిటి?

#2 పలకా బలపం

రిటైరైన హెడ్మాస్టర్ని. పీఏబీ అంటే ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డు. కేంద్రంలో పాఠశాల విద్యాశాఖ కార్యదర్శి దానికి అధ్యక్షుడు. ఏటా ఒక్కో రాష్ట్రాన్ని పిలిచి సమగ్ర శిక్ష (కేంద్రం, రాష్ట్రం కలిసి బడులకు డబ్బిచ్చే పథకం) కింద ఏమేం ఇస్తామో అక్కడ తేలుస్తారు.

కానీ మీ గది కథ ఢిల్లీ దాకా పోకముందే మీ బళ్లోనే సగం తేలిపోతుంది. ఏటా యూడైస్ అని బడి లెక్కల ఫారం నింపుతారు కదా, అందులో గదుల గడి ఉంటుంది: బాగున్నవి ఎన్ని, చిన్న మరమ్మతులు కావలసినవి ఎన్ని, పెద్ద మరమ్మతులు కావలసినవి ఎన్ని. నేను పనిచేసిన ఒక బళ్లో పడమటి గది స్లాబు పెచ్చులూడి చివరి బెంచీ మీద పడేది. నాకంటే ముందున్నాయన దాన్ని "బాగున్నవి" కిందే రాసేవాడు. ఎందుకంటే పెద్ద మరమ్మతు అని రాస్తే "పిల్లల్ని ఎందుకు కూర్చోబెడుతున్నావు?" అని తనిఖీలో అడుగుతారు, ఖాళీ చేయిస్తే కూర్చోబెట్టడానికి వేరే చోటు లేదు. దాంతో కాగితం మీద మా బడికి గదుల కొరత లేదు. కొరత లేని బడికి పీఏబీ గది ఎలా ఇస్తుంది?

మీ తీర్మానాలు పక్కన పెట్టండి. ముందు మీ బడి యూడైస్ ఫారంలో గదుల సంఖ్య ఎంత రాశారో చూడండి.

#3 కరీంనగర్ కాకా

మాస్టారు మంచిగ చెప్పిండు. కానీ అసలు ముచ్చట పక్కకు పోతున్నది. దేశంలో చదువు మీద సర్కార్లు పెట్టే ఖర్చుల దాదాపు నాలుగింట మూడొంతులు రాష్ట్రాలదే. టీచర్ల జీతం ఎవరిస్తున్నరు? రాష్ట్రం. పింఛన్ ఎవరిస్తున్నరు? రాష్ట్రం. ఢిల్లీ ఇచ్చేది మీద మీద చల్లినట్టు. పెత్తనం మాత్రం పూర్తిగా వాళ్లదే.

#4 లెక్కలక్క

> పెత్తనం మాత్రం పూర్తిగా వాళ్లదే

కాకా, అది సగమే నిజం. ఒక జిల్లా సమగ్ర శిక్ష ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, ఏ జిల్లా అన్నది అడగొద్దు. పని ఎలా నడుస్తుందో చెప్తాను. పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

వచ్చే ఏడాది ప్లాన్ పని మాకు డిసెంబర్, జనవరి నుంచే మొదలవుతుంది. వార్షిక ప్రణాళిక, బడ్జెట్ అని ఒకే పుస్తకం. బడి నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్ర ప్రాజెక్ట్ డైరెక్టర్ ఆఫీసుకు. అక్కడి నుంచి ప్రబంధ్ అనే పోర్టల్లోకి. ఢిల్లీలో దాన్ని యూడైస్ లెక్కలతో పోల్చి చూస్తారు. పోయినేడు మంజూరైనవి కట్టకుండా ఉంటే కొత్తవి అడిగే మొహం ఉండదు. తర్వాత పీఏబీ సమావేశం, మన రాష్ట్ర కార్యదర్శి, ప్రాజెక్ట్ డైరెక్టర్ వెళ్లి కూర్చుంటారు. చివరికి మినిట్స్, అంటే సమావేశంలో తేలిన నిర్ణయాల పత్రం, వస్తాయి. ఆ మినిట్సే మాకు ఏడాదంతా భగవద్గీత. అందులో లేని ఖర్చు పెడితే ఆడిట్‌లో అభ్యంతరం.

కింది నుంచి కోరికలు పైకి పోతాయి. అదే సమయంలో పై నుంచి ఒక అంకె కిందికి వస్తుంది: ఈసారి మీ రాష్ట్రానికి సుమారుగా ఇంతలోపు సర్దుకోండి అని. వంద గదులు అడిగిన జిల్లాకు ఏడు వచ్చాయంటే అర్థం ఎవరో కక్షగట్టి కొట్టేశారని కాదు. అంకెకు సరిపడా కోశారు, అంతే. ఏ బడిది కోయాలి అన్నది చాలాసార్లు రాష్ట్రమే తేలుస్తుంది. ఢిల్లీలో మీ ఊరి పేరు ఎవరికీ తెలియదు.

ఇక మార్చి గోల. సమగ్ర శిక్ష ఖర్చులో మన రాష్ట్రాలకు కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40. ఈశాన్య రాష్ట్రాలకు, హిమాలయ రాష్ట్రాలకు 90, 10. కేంద్రం 60 మొత్తం ఒకేసారి ఇవ్వదు. నాలుగో వంతు చొప్పున విడతలు. ఆ డబ్బు ముందు రాష్ట్ర ఖజానాకు వస్తుంది. రాష్ట్రం దానికి తన 40 కలిపి సమగ్ర శిక్ష ఖాతాకు పంపాలి. ఖజానా కటకటలాడుతుంటే అక్కడే ఆగిపోతుంది. 30 రోజులు దాటితే ఏడాదికి 7 శాతం చొప్పున వడ్డీ కట్టాలని 2023 నుంచి కేంద్రం నిబంధన పెట్టింది, అయినా ఆగుతుంది. ముందు విడతలో 75 శాతం ఖర్చయినట్టు చూపిస్తేనే తర్వాతి విడత. మొదటిది నవంబర్‌కు కదిలితే చివరిది మార్చికి కాక ఎప్పుడు వస్తుంది?

నూజివీడు గారూ, మీ 75 వేల లెక్క కరెక్టే. 251 నుంచి వెయ్యి మంది పిల్లలున్న బడికి అదే రేటు. 30 మందిలోపు ఉంటే 10 వేలు, వంద లోపు 25 వేలు, 250 లోపు 50 వేలు, వెయ్యి దాటితే లక్ష. అందులో పదో వంతు పరిశుభ్రతకే వాడాలి. మీ హెడ్మాస్టర్ గారు ఫినాయిల్ కొన్నది ఊరికే కాదు.

#5 నూజివీడు రసాలు

ఇంత వివరంగా ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. థాంక్స్ అక్కా.

#6 సాగరతీరం

రాష్ట్రాల తప్పు గురించి ఎవరూ నోరెత్తరేం? ఇదివరకు కేంద్రం ఇచ్చిన డబ్బు పథకాలు నడిపే రాష్ట్ర సొసైటీల ఖాతాల్లో నెలల తరబడి మూలుగుతుండేది. ఒక్కో పథకానికి ఎన్ని ఖాతాలో, ఏ బ్యాంకులో ఎంత పడుందో పైవాళ్లకు తెలిసేది కాదు. అందుకే 2021లో ఒక పథకానికి రాష్ట్రంలో ఒకే ఖాతా అనే పద్ధతి తెచ్చారు. బడి ఖాతాలో ఇప్పుడు డబ్బు ఉండదు, లిమిట్ ఉంటుంది. బిల్లు పెట్టినప్పుడే కదులుతుంది. ఇప్పుడు స్పర్శ్ అని ఇంకో అడుగు వేశారు, ఆ మధ్య ఖాతా కూడా లేకుండా రిజర్వ్ బ్యాంకు ద్వారా ఎప్పటికప్పుడు చెల్లింపు. డబ్బిచ్చేవాడు లెక్క అడగడం పెత్తనం ఎలా అవుతుంది?

#7 పలకా బలపం

లెక్క అడగండి, కాదనం. కానీ ఆ లిమిట్ పద్ధతి కింద ఎలా ఉంటుందో చూడండి. వెయ్యి రూపాయల ట్యూబ్‌లైట్లకు కంప్యూటర్లో పేమెంట్ తయారు చేసి, ప్రింటు తీసి, హెడ్మాస్టర్, కమిటీ చైర్మన్ ఇద్దరూ సంతకం పెట్టి బ్యాంకులో ఇవ్వాలి. ఆ కాగితానికీ గడువుంటుంది. చైర్మన్ మిరప కోతకు పోయి నాలుగు రోజులు రాకపోతే, వచ్చేలోపు సర్వర్ పడిపోతే, మళ్లీ మొదటికి. షాపు వాడేమో "సార్, మీ బడి బిల్లంటే భయమండీ, నగదు ఇవ్వండి" అంటాడు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఈ పని చేసేది కూడా ఆ ఒక్క పంతులే. ఆ రోజు పాఠం పోయినట్టే.

#8 ఆర్టికల్ 131

కాస్త వెనక్కి వెళ్దాం. రాజ్యాంగంలో మొదట విద్య రాష్ట్రాల జాబితాలో ఉండేది. 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. కేంద్రం చెయ్యి పెట్టడానికి చట్టబద్ధమైన దారి అక్కడ తెరుచుకుంది. 1986 జాతీయ విద్యావిధానం, మరుసటేడు ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్, 1994లో డీపెప్ (జిల్లా ప్రాథమిక విద్యా పథకం), 2001 నుంచి సర్వశిక్షా అభియాన్, 2009లో ఉన్నత పాఠశాలలకు ఆర్ఎంఎస్ఏ, 2018లో సర్వశిక్ష, ఆర్ఎంఎస్ఏ, ఉపాధ్యాయ విద్య పథకం కలిపి సమగ్ర శిక్ష. ప్రతిసారీ డబ్బుతో పాటు ఒక ఫారం కూడా వచ్చింది.

వాటా లెక్క మారిన తీరు చూస్తే ఎవరి భారం పెరిగిందో తెలుస్తుంది. సర్వశిక్ష మొదలైనప్పుడు కేంద్రం 85 పెట్టేది. పదో పంచవర్ష ప్రణాళికలో 75. ఆ తర్వాత మెట్లు మెట్లుగా 50కి దింపాలనుకున్నారు. 2010లో విద్యాహక్కు చట్టం రావడంతో 65కి ఆపారు. 2015-16 నుంచి 60. 14వ ఆర్థిక సంఘం పన్నుల్లో రాష్ట్రాల వాటా 32 నుంచి 42 శాతానికి పెంచింది కాబట్టి పథకాల్లో మీరే ఎక్కువ పెట్టుకోండి అన్నది కేంద్రం వాదన. వాదనలో పస లేకపోలేదు. అయితే పన్నుల వాటాగా వచ్చిన డబ్బును రాష్ట్రం ఎక్కడైనా ఖర్చు పెట్టొచ్చు. అది బడికే వెళ్తుందన్న పూచీ లేదు.

విద్యాహక్కు చట్టం సెక్షన్ 7 నిధుల బాధ్యత కేంద్ర, రాష్ట్రాలు రెండింటిదీ అంటుంది. సెక్షన్ 22 ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది యాజమాన్య కమిటీ. నూజివీడు గారూ, అంటే మీరే. రాశారా?

#9 పలకా బలపం

డీపెప్ కంటే ముందు మనకు ఏపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం) ఉండేది. బ్రిటన్ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనభైల్లో మొదలై తొంభైల దాకా నడిచింది. మండల కేంద్రాల్లో టీచర్ సెంటర్లు, గోడల నిండా చార్టులు, పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి చెప్పడం. "ఏపెప్ వచ్చాక చాప మీద కూర్చున్నాం" అని జోకులేసుకునేవాళ్లం. ఎన్ని లోపాలున్నా శిక్షణ మాత్రం గట్టిగా ఇచ్చారు. ఢిల్లీ నేర్పితేనే రాష్ట్రాలు నేర్చుకున్నాయనే మాటలో నిజం తక్కువ.

#10 చెన్నపట్నం

మద్రాసు తెలుగువాణ్ణి. ఈ 60, 40 గొడవ ఇక్కడ ఎంత దూరం పోయిందో వినండి. పీఎం శ్రీ అని 2022లో కేంద్రం ఇంకో పథకం పెట్టింది. దేశం మొత్తం మీద 14,500కు పైగా బడుల్ని నమూనా బడులుగా చేయాలి, అయిదేళ్లకు 27,360 కోట్లు, అందులో కేంద్రం వాటా 18,128 కోట్లు. కావాలంటే రాష్ట్రం ఒప్పందం మీద సంతకం పెట్టాలి, అందులో 2020 జాతీయ విద్యావిధానం మొత్తాన్ని అమలు చేస్తామన్న మాట ఉంటుంది. త్రిభాషా సూత్రం దొడ్డిదారిన వస్తుందని తమిళనాడు సంతకం పెట్టలేదు. దాంతో 2024-25లో సమగ్ర శిక్ష డబ్బు కూడా ఆగిపోయింది. 2,152 కోట్లు రావాలని రాష్ట్రం లెక్క. 2025 మేలో సుప్రీంకోర్టుకు వెళ్లింది.

మా వీధిలో ఆటో నడిపే ఒకాయన కూతుర్ని విద్యాహక్కు చట్టం ఇచ్చే 25 శాతం ఉచిత సీట్ల కింద ప్రైవేటు స్కూల్లో చేర్పిద్దామనుకున్నాడు. ఆ సీట్ల ఫీజు స్కూళ్లకు తిరిగి కట్టేదీ ఈ నిధులతోనే కాబట్టి ఆ ఏడాది అడ్మిషన్లు నెలల తరబడి మొదలే కాలేదు. ఆయనకు పీఎం శ్రీ అంటే ఏమిటో తెలియదు.

#11 సాగరతీరం

ఆంధ్ర, తెలంగాణ రెండూ సంతకం పెట్టాయి కదా, వాటికేం నష్టం జరిగింది? ఎంపికైన బళ్లకు ల్యాబ్‌లు, లైబ్రరీలు వచ్చాయి. పంతం పట్టి పిల్లల నోటి ముందు కూడు లాక్కున్నది ఎవరు?

#12 చెన్నపట్నం

సంతకం పెట్టనందుకు పీఎం శ్రీ డబ్బు ఇవ్వకపోతే అడిగేవాడు లేడు. వేరే పథకం డబ్బు ఎందుకు ఆపాలి? అదొక్కటి చెప్పండి.

#13 ఆర్టికల్ 131

నేనూ అక్కడే ఆగుతాను. జాతీయ విద్యావిధానం చట్టం కాదు. ఉమ్మడి జాబితాలోని అంశంపై పార్లమెంటు చట్టం చేస్తే రాష్ట్రాలు కట్టుబడాలి. విధాన పత్రానికి ఆ బలం లేదు. చట్టం చేయకుండా, నిధుల షరతుతో అదే పని చేయించుకోవడం ఇక్కడి మెలిక. 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు కూడా విద్యాహక్కు చట్టానికి సంబంధించిన నిధుల్ని జాతీయ విద్యావిధానంతో ముడిపెట్టనక్కర్లేదని చెప్పింది. అసలు వివాదం సుప్రీంకోర్టు తేల్చాలి.

కేరళ 2025 అక్టోబర్‌లో సంతకం పెట్టి, కూటమిలోని సీపీఐ గట్టిగా అభ్యంతరం చెప్పడంతో కొద్ది రోజులకే అమలు ఆపుతామని ప్రకటించింది. డబ్బు అవసరం అంతగా ఉంది, రాజకీయ ధర కూడా అంతే ఉంది.

ఇలాంటివి కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక వేదిక ఉంది, కేబ్ అంటారు, కేంద్ర విద్యా సలహా మండలి. 1920లో పుట్టింది, మధ్యలో ఆగి 1935లో మళ్లీ లేచింది. అన్ని రాష్ట్రాల విద్యామంత్రులూ అందులో సభ్యులు. 2019లో కొత్త విధానం ముసాయిదా మీద ప్రత్యేక సమావేశం పెట్టారు. ఆ తర్వాత వార్తల్లో దాని ఊసు పెద్దగా కనపడదు. మండలి మాట్లాడనప్పుడు ఒప్పంద పత్రమే మాట్లాడుతుంది.

#14 కరీంనగర్ కాకా

ఇగో, దీన్నే పెత్తనం అన్న. అక్కా, ఇప్పుడు చెప్పు సగమే నిజమా?

#15 లెక్కలక్క

సగమే కాకా. ఆ సమగ్ర శిక్షలో పనిచేసేవాళ్ల సంగతి చూడు. కస్తూర్బా విద్యాలయాల టీచర్లు, మండల రిసోర్స్ సెంటర్ల సిబ్బంది, సీఆర్పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు), మాలాంటి అకౌంటెంట్లు. 2024 చలికాలంలో మీ తెలంగాణలో వీళ్లంతా రెగ్యులర్ చేయమని సమ్మెకు దిగారు. కేంద్రాన్ని అడిగితే మేం పథకానికి ఇస్తాం, ఉద్యోగాలు మీవి అంటుంది. రాష్ట్రాన్ని అడిగితే పథకం కేంద్రానిది అంటుంది. టీచరు జీతానికి సమగ్ర శిక్ష లెక్కలో చూపే సాయం ప్రాథమికానికి నెలకు 15 వేలు, ప్రాథమికోన్నతానికి 20 వేలు, హైస్కూల్‌కు 25 వేలు మాత్రమే. పైది రాష్ట్రం చూసుకోవాలి. పెత్తనం పంచుకోవడానికి ఇద్దరూ ముందుకొస్తారు. బాధ్యత దగ్గరికొచ్చేసరికి మా ఫైలు బంతిలా అటూ ఇటూ తిరుగుతుంది.

#16 డాలస్ నుంచి

మా దగ్గర ఫెడరల్ ప్రభుత్వం బడులకు ఇచ్చేది మొత్తంలో పదో వంతు చుట్టుపక్కలే. మిగతాది రాష్ట్రం, స్థానిక ఆస్తిపన్ను. టెక్సస్‌లో డబ్బున్న డిస్ట్రిక్ట్ నుంచి కొంత లాగి లేని డిస్ట్రిక్ట్‌కు ఇస్తారు, దాన్ని ఇక్కడివాళ్లు రాబిన్ హుడ్ అని తిట్టుకుంటారు. ఇంటి ధర పెరిగితే బడి బాగుపడుతుంది, అందుకే మనవాళ్లు ఇల్లు కొనేముందు స్కూల్ రేటింగ్ చూస్తారు. ఢిల్లీ చెయ్యి లేకపోతే అంతా బాగుంటుందనుకునేవాళ్లు ఇది కూడా గుర్తుపెట్టుకోండి. కేంద్రం లేని చోట పేద ఊరు పేదగానే ఉంటుంది.

#17 సాగరతీరం

డాలస్ అన్న మంచి పాయింట్ చెప్పారు. బిహార్‌కు, మనకు ఒకే ఖజానా బలం లేదు.

#18 కరీంనగర్ కాకా

మంచిదే. మరి సెస్ సంగతేంది? 2004ల చదువు కోసమని పన్ను మీద 2 శాతం సెస్ వేసిన్రు, 2007ల ఇంకో ఒక శాతం. 2018ల రెండూ తీసి ఆరోగ్యం, విద్య కలిపి 4 శాతం చేసిన్రు. పన్నుల్ల రాష్ట్రాలకు వాటా ఉంటది, సెస్‌ల ఉండదు. చదువు పేరు చెప్పి తీసుకునుడు, వాటా ఇయ్యకపోవుడు. పై చదువుల కోసం వసూలు చేసిన ఆ ఒక శాతం పైసలు 94 వేల కోట్లకు పైగా ప్రత్యేక నిధిల వెయ్యకుండ వదిలేసిన్రని కాగ్ రాసింది. ఆ నిధి పెట్టనీకే 2017 దాకా పట్టింది.

#19 ఆర్టికల్ 131

కాకా చెప్పినది నిజం. ఇంకో లెక్క కూడా వింతగా ఉంటుంది. కొఠారి కమిషన్ 1966లో జాతీయాదాయంలో 6 శాతం విద్యకు పెట్టమంది. 1968, 1986, 2020 విధానాలు మూడూ అదే అంకె రాశాయి. ఇప్పుడు ఎంత పెడుతున్నాం అంటే ఆర్థిక సర్వేల్లో మూడు శాతం చుట్టుపక్కల కనపడుతుంది, విద్యాశాఖ లెక్కలో నాలుగు దాటుతుంది. రెండోదాంట్లో ఇతర శాఖలు శిక్షణ మీద పెట్టే ఖర్చు కూడా కలుపుతారు. ఏ లెక్కలో చూసినా ఆరు రాదు.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో విద్యాశాఖకు 1,28,650 కోట్లు. అందులో పాఠశాల విద్యకు 78,572 కోట్లు. సమగ్ర శిక్ష 41,250, మధ్యాహ్న భోజనం 12,500, పీఎం శ్రీ 7,500, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కేంద్రం సొంతంగా నడిపే కేంద్రీయ విద్యాలయాలకు, నవోదయలకు. దేశంలో ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లల్లో వీటిలో ఉండేది గుప్పెడు మంది. వాళ్ల మీద పెట్టే ఖర్చుకు పీఏబీ మెలికలు లేవు, 40 శాతం కోసం ఎదురుచూపులూ లేవు.

#20 గోదారి గట్టు

ఇదంతా సరే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల బాగు కోసం పెట్టిన నాడు-నేడు కింద మొదలుపెట్టి ఆపేసిన గదుల సంగతి ఎవరూ మాట్లాడరేం? మా ఊళ్లో పిల్లర్లు లేచి ఇనుప చువ్వలు తుప్పు పడుతున్నాయి. ఆ ప్రభుత్వమైతే...

#21 మోడరేటర్

పార్టీల గొడవ ఇక్కడ వద్దు. దానికి వేరే దారం ఉంది. #20లో చివరి నాలుగు వాక్యాలు తీసేశాను.

#22 లెక్కలక్క

గోదారి గట్టు గారి ప్రశ్నలో పనికొచ్చే ముక్క ఒకటుంది. రాష్ట్రం సొంత పథకం కింద ఆ గదులు "నిర్మాణంలో ఉన్నవి" అని యూడైస్‌లో ఎక్కి ఉంటే, పూర్తి కాకపోయినా, ఆ బడికి సమగ్ర శిక్ష కింద గది రావడం కష్టం. ఒకే గదికి రెండు ఖాతాల్లోంచి ఇవ్వరు. ఇక్కడ కేంద్ర, రాష్ట్ర పథకాలు ఒకదానికొకటి అడ్డుపడతాయి.

#23 నూజివీడు రసాలు

అక్కా, మాస్టారూ, ఇవాళ హెడ్మాస్టర్ గారి దగ్గర కూర్చుని యూడైస్ ఫారం ప్రింటు చూశాను. గదులు తొమ్మిది, తొమ్మిదీ "బాగున్నవి". వాటిలో ఒకటి సైన్స్ ల్యాబ్ సామాను పెట్టిన గది, ఇంకోటి మధ్యాహ్న భోజనం బియ్యం పెట్టే గది. రెండూ తరగతి గదుల లెక్కలోనే ఉన్నాయి! ఇప్పుడేం చేయాలి?

#24 పలకా బలపం

అదీ సంగతి. ఈసారి ఫారం తెరిచినప్పుడు ఆ రెండింటినీ తరగతి గదుల్లోంచి తీసి ఇతర గదుల్లో చూపించమనండి. మరమ్మతులు కావలసినవి ఏవైనా ఉంటే మొహమాటపడకుండా రాయించండి, ఫోటోలు తీసి పెట్టండి. సంతకం హెడ్మాస్టర్‌ది కాబట్టి ఆయన భయపడొచ్చు. కమిటీ తీర్మానం రాసి ఇస్తే ఆయనకు అండగా ఉంటుంది. సీఆర్పీ వెరిఫికేషన్‌కు వచ్చినప్పుడు మీరు అక్కడే ఉండి గదులు తిప్పి చూపించండి.

#25 లెక్కలక్క

పీఏబీ మినిట్స్ సమగ్ర శిక్ష వెబ్‌సైట్లో రాష్ట్రాల వారీగా పెడతారు. ముందున్న ఉపన్యాసం వదిలేసి చివరి పట్టికల్లోకి వెళ్లండి. హైస్కూళ్ల భాగంలో "అదనపు తరగతి గదులు" వరస వెతకండి. ఎన్ని, ఎంత డబ్బు అని రెండు గడులుంటాయి. అది చూశాక జిల్లా ఆఫీసులో ఇంజినీరింగ్ విభాగానికి వెళ్లి "రాష్ట్రానికి వచ్చిన వీటిలో మన జిల్లాకు ఎన్ని, ఏ బళ్లకు?" అని అడగండి. రాతపూర్వకంగా అడగండి. డిసెంబర్ లోపు వెళ్లండి, జనవరిలో మేం ఎవరితోనూ మాట్లాడే స్థితిలో ఉండం.

#26 నూజివీడు రసాలు

సోమవారం కమిటీ మీటింగ్ పెట్టించాను. తీర్మానం నమూనా ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి.

#27 ఆర్టికల్ 131

రాత్రికి రాసి పెడతాను. సెక్షన్ 22 కింద బడి అభివృద్ధి ప్రణాళిక కూడా దాంతోపాటే జత చేయండి, మూడేళ్లకు రాయాలి. ఏడాదివారీగా పిల్లల సంఖ్య, కావలసిన టీచర్లు, గదులు, సామగ్రి, అయ్యే ఖర్చు. రెండు పేజీలు చాలు. మండలం ఆఫీసులో ఇచ్చి, కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి.